ఆకుపచ్చ గుడ్డు

మా యింట్లో 43 డ్రాగన్లు వున్నాయి. మదీనాగూడలో, రెండు పడక గదుల ఫ్లాటులో, అన్ని యెలా పట్టాయా అని మీరు కంగారు పడనక్కరలేదు. అవన్నీ మా ఆవిడ సెల్‌ఫోనులో కాపురం వుంటున్నాయి. వాటి యజమానురాలు మా అమ్మాయి. వయస్సు పన్నెండేళ్ళు, చదువు యేడో తరగతి. డ్రాగన్ అన్నదానికి తెలుగేమిటని దయచేసి నన్నడగకండి. తెలుగు ఎమ్మే చదివి, యిరవై యేళ్ళుగా ఆ తెలుగే పాఠం చెప్పుకుని బతుకుతున్నా, రెక్కలున్న వుడుము అన్నదానికి మించి నాకేమీ తోచలేదు. ఆ మాట మా అమ్మాయితో అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సంగతి యెలా బయటపడిందో చెబుతాను. 2025 వేసవి సెలవులయ్యి బడులు తెరిచిన కొత్తలో, తెల్లవారుజామున అయిదు గంటలకు హాల్లో దీపం వెలగడం చూశాను. మా అమ్మాయి సోఫాలో కూర్చుని వుంది. ఒళ్ళో పుస్తకం. ఎవరూ చెప్పకుండా లేచి చదువుకుంటున్నదని పొంగిపోయి, ఆ రోజే కాలేజీలో స్టాఫు రూములో నలుగురికీ చెప్పాను కూడా. మర్నాడూ దీపం, ఆ మర్నాడూ దీపం. నాలుగో రోజు కాఫీ పెట్టి యిద్దామని దగ్గరికి వెడితే పుస్తకం చాటున ఫోను కనిపించింది.

"పసిడి తీసుకుంటున్నాను నాన్నా" అంది, కల్లంలో ధాన్యం ఎత్తుకుంటున్నానన్నంత సహజంగా.

ఆ ఆట పేరు డ్రాగన్ సిటీ. స్పెయిన్ దేశంలో బార్సిలోనా నగరంలో వున్న సోషల్ పాయింట్ అనే సంస్థవారు 2012లో దాన్ని తయారు చేశారు. 2017లో అమెరికా కంపెనీ ఒకటి ఆ సంస్థను 25 కోట్ల డాలర్లకు కొనుక్కున్నదంటే, ఇది పిల్లల ఆటే గాని పిల్లకాయల వ్యవహారం కాదని మీకు తెలుస్తుంది. ఆటలో మొదట కొద్దిగా పసిడి యిస్తారు. దానితో ఒక పాక వేసుకుని, ఒక గుడ్డు పొదిగించి, పిల్లను పాకలో వుంచాలి. అది అక్కడ వూరికే కూర్చుని నిమిషానికింత అని పసిడి పుట్టిస్తుంది. ఆ పసిడితో పొలంలో మేత పండించాలి. మేత పెడితే అది యెదుగుతుంది. యెదిగినకొద్దీ పసిడి యెక్కువ. నాలుగో మెట్టుకు వచ్చిన రెండింటిని జత కలిపితే కొత్త గుడ్డు. మట్టి జాతిదాన్నీ నిప్పు జాతిదాన్నీ కలిపితే అగ్నిపర్వతం పుడుతుందట! అక్కరలేని పిల్లను అమ్మితే కొద్దిగా పసిడి.

ఇందులో కిటుకు పాక దగ్గర వుంది. పాకలో యింత పసిడే పడుతుందని ఒక హద్దు. అది నిండిందంటే డ్రాగన్ సంపాదన ఆగిపోతుంది. యజమాని వచ్చి వేలితో తాకి వూడ్చుకుంటే మళ్ళీ మొదలు. రాత్రి తొమ్మిదింటికి పడుకున్న పిల్ల పొద్దున యేడింటికి లేస్తే, నడిమి గంటల సంపాదన హుళక్కే. అందుకని అయిదింటికి లేవడం. ఆ ఆట తయారు చేసినవాడెవడో గాని, పాడిగేదె వున్న యింట్లో పుట్టినవాడై వుండాలి. పూట తప్పితే పొదుగు యెండిపోతుందన్న భయం ఎరిగినవాడు తప్ప ఇంకొకడు ఆ పాకను కట్టలేడు.

ఇంకో చిత్రం చెప్పాలి. జత కలిపిన తరువాత గుడ్డు రావడానికి యెంతసేపు పడుతుందో ఫోను మీద చూపిస్తుంది. కొన్నిటికి నిమిషాలు, కొన్నిటికి రోజూ రెండు రోజులూ. ఆ గంటల లెక్క చూసి యే జాతి పుట్టబోతున్నదో మా అమ్మాయి ముందే చెప్పేస్తుంది. గంటలు యెక్కువైతే అరుదైన జాతి అన్నమాట. గేదె నడక చూసి పెయ్యా దూడా చెప్పే మా వూరి పెద్దలు కొందరు నాకు గుర్తుకువచ్చారు. వాళ్ళు సగంసార్లు తప్పేవారు. ఈ పిల్ల తప్పదు.

నిజానికి ఆ పొద్దున నా నాలిక చివరికి సోమశర్మ తండ్రి కథ వచ్చింది. పంచతంత్రంలో పేలపిండి కుండను చిలక్కొయ్యకు తగిలించుకుని, దాన్ని అమ్మి మేకలు, మేకలు ఈని ఆవులు, ఆవులు ఈని గేదెలు, గేదెలు ఈని గుర్రాలు అని కలలు కని, చివరికి కుండను తన్నుకున్న బ్రాహ్మణుడు. తెలుగు మేష్టరు నోటికి యింతకన్న తేరగా వచ్చే కథ లేదు. కాని మింగేశాను. ఎందుకు మింగానో ముందు ముందు చెబుతాను.

దాని బదులు, "ఈ పసిడి బయటికి తీసి అర్ధలీటరు పాలు కొనగలమా?" అని అడిగాను.

మా అమ్మాయి నన్ను జాలిగా చూసింది. "అది బయటికి రాదు నాన్నా. అక్కడిది అక్కడే. బయటి డబ్బు పెడితే లోపలికి రత్నాలు వస్తాయి గాని, లోపలిది బయటికి రాదు. అమ్మ రత్నాలు కొనివ్వనంది. అందుకే కాచుకుని కూర్చుంటున్నాను."

ఇంత ఓపికా వృథాయే కదా అని మధ్యతరగతి మనస్సు చివుక్కుమంది. లోపలిది బయటికి వచ్చే ఆట వుంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించిన మాట దాచను.

అటువంటి ఆటలు వున్నాయనీ, వాటి కథ యేమయిందనీ ఆ నెలలోనే తెలిసింది. మియాపూరు మెట్రో మెట్ల దగ్గర నా పాత శిష్యుడొకడు కలిశాడు. నా దగ్గర తెలుగులో అత్తెసరు మార్కులు తెచ్చుకుని, హైటెక్ సిటీలో నాకు మూడింతల జీతం తెచ్చుకుంటున్న పిల్లవాడు. టీ తాగుతూ మా యింటి డ్రాగన్ల ముచ్చట చెబితే నవ్వలేదు. "నేనూ పెంచాను సార్. డబ్బొచ్చేవి" అన్నాడు.

అతడు చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. 2017 నవంబరు చివర కెనడాలో వాంకూవరువారు కొందరు క్రిప్టోకిట్టీస్ అని బొమ్మపిల్లుల ఆట పెట్టారు. రెండు పిల్లుల్ని జత కలిపితే మూడోది పుడుతుంది. దాన్ని ఈథర్ అనే ఎలక్ట్రానిక్ నాణేలకు అమ్ముకోవచ్చు. ఆ నాణేలు బయట డాలర్లవుతాయి. వారం పది రోజుల్లో జనం యెగబడి, ఈథీరియం అనే ఆ నాణేల లెక్కల యంత్రాంగమంతా పిల్లుల రద్దీతో నత్తనడక నడిచింది. 2018 సెప్టెంబరులో ఒక పిల్లిబొమ్మ 600 ఈథర్లు, అంటే సుమారు 1,70,000 డాలర్లు పలికింది. దాని పేరేమిటనుకున్నారు? డ్రాగన్!

తరువాత వచ్చింది యాక్సీ ఇన్ఫినిటీ. అది వియత్నాంవారిది. యాక్సీలనే బొద్దు జంతువులు మూడు కొనుక్కుంటే తప్ప అప్పట్లో ఆట మొదలయ్యేది కాదు. ఆడి గెలిస్తే ఒక మందు యిచ్చేవారు. దాని పేరు యింగ్లీషులో స్మూత్ లవ్ పోషన్. మన ప్రబంధ భాషలో వలపుమందు అనవచ్చు. జంతువుల్ని జత కలపాలంటే ఆ మందు కావాలి. కనుక మందుకు గిరాకీ. ఒక్కొక్క జంతువును యేడు సార్లకు మించి జత కలపడానికి లేదు. పుట్టిన పిల్లల్ని ఆటలోకి కొత్తగా వచ్చేవారు కొనేవారు. కరోనా కాలంలో పనులు పోయి యింట కూర్చున్న ఫిలిప్పీన్స్ జనం దీనిమీద బతికారు. కొనే స్తోమత లేనివారికి డబ్బున్నవాళ్ళు తమ జంతువుల్ని యిచ్చి ఆడించి, రాబడిలో వాటా తీసుకునేవారు. మన పల్లెల్లో గేదెను పాలికి యివ్వడం లేదూ, అదే. ఇలా పాలికి తీసుకుని ఆడేవారికి ఆ ఆటలో పేరు 'స్కాలర్లు'! ఈ మాట విని, విశ్వవిద్యాలయాల్లో మా పరిశోధక విద్యార్థుల స్థితి తెలిసిన నేను యేమీ అనలేకపోయాను.

2021 జూలైలో ఆ మందు ధర దాదాపు 30 రూపాయలు. యేడాది తిరిగేసరికి అర్ధరూపాయి చేయలేదు. 2022 మార్చిలో ఆ ఆట తాలూకు ఖజానాకు దొంగలు కన్నం వేసి 60 కోట్ల డాలర్లకు పైగా పట్టుకుపోయారు. అమెరికా ప్రభుత్వం అది వుత్తర కొరియా ముఠా పనేనంది. ఆ యేప్రిలు నుంచి మన దేశంలో యిటువంటి ఆస్తుల లాభం మీద నూటికి 30 పన్ను. మా శిష్యుడికి ఆ పన్ను బెడద లేకపోయింది, లాభమంటూ వుంటే గదా!

"దొంగలు పడకముందే అయిపోయింది సార్" అన్నాడు. "పిల్లల్ని కనడం యెవరూ మానలేదు. కొనేందుకు కొత్తవాళ్ళు రావడం మానేశారు. అంతే."

ఆ మాట వినగానే టీ గ్లాసు చేతిలోనే వుండిపోయింది. సరిగ్గా యిదే మాట పదమూడేళ్ళ కింద మా బావగారి నోట విన్నాను.

మా అక్కయ్యవాళ్ళది అద్దంకి దగ్గర పల్లె. 2008లో మా బావగారు నాలుగెకరాల్లో పొగాకు మానేసి, చుట్టూ యెత్తుగా కంచె వేసి, ఈము పక్షులు తెచ్చారు. ఆస్ట్రేలియా పక్షి. మనిషంత యెత్తు. ఎగరలేదు, గుర్రంలాగా పరుగెత్తుతుంది. నూనె మందులకు, తోలు చెప్పులకు, మాంసం హోటళ్ళకు అన్నారు అమ్మినవాళ్ళు. పిల్లలు మేమే తిరిగి కొంటాం, కాగితం మీద రాసిస్తామన్నారు. రాసిచ్చారు కూడా. ఆ రోజుల్లో మన రాష్ట్రంలోనూ తమిళనాడులోనూ వేలమంది రైతులు యిదే కాగితం పుచ్చుకున్నారు. మొదటి రెండేళ్ళు పిల్లల్ని కొనుక్కుపోయారు. ఎవరికి? కొత్తగా పెంపకం మొదలుపెట్టేవారికి. 2012 ఆగస్టులో తమిళనాడులో పెరుందురైకి చెందిన సుసీ ఈము సంస్థ కూలిపోవడం పత్రికలన్నిటా వచ్చింది. మా బావగారికి కాగితం రాసిచ్చిన సంస్థ వేరు. అది అంతకు ముందే తలుపులకు తాళం వేసింది.

2010లో మా గృహప్రవేశానికి వచ్చినప్పుడు బావగారు ఒక గుడ్డు తెచ్చారు. పొదగని గుడ్డు. చిన్న బెజ్జం పెట్టి లోపలిది తీసేసి, కడిగి ఆరబెట్టిన డొల్ల. పెద్ద మామిడికాయంత వుంటుంది. రంగు ముదురాకుపచ్చ, నలుపుకు దగ్గరగా, పైన గరుకు. దాన్ని చూపిస్తూ ఆయన ముఖం వెలిగిపోయింది. "దీన్ని ఆడది పెట్టి పోతుందోయ్. పొదిగేది మగదే. యెనిమిది వారాలు లేవదు. తిండీ నీళ్ళూ కూడా దాదాపు మానేస్తుంది" అన్నారు. ఆ గుడ్డు అప్పటినుంచి మా అద్దాల బీరువాలో, నా వుత్తమ అధ్యాపక జ్ఞాపిక పక్కన వుంది.

2012 నవంబరులో ఆయన మళ్ళీ వచ్చారు. రాత్రి బస్సు దిగి, ముంబయి రోడ్డు మీంచి నడుచుకుంటూ వచ్చారు. పక్షులకు మొక్కజొన్న, తవుడు, సోయా చెక్క కొనడానికి అరవై వేలు కావాలి. వేసవి దాకా నిలబడితే యెవరో ఒకరు కొంటారన్నారు. ఫ్లాటు అప్పు వాయిదా నా జీతంలో సగం తినే రోజులవి. లేదనవచ్చు. లేదంటే సరిపోయేది. నేను పాఠం చెప్పాను. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెతతో మొదలుపెట్టి, కొనేవాడెవడో తెలియకుండా పెంచడమేమిటని అడిగి, సోమశర్మ తండ్రి కథ ఆసాంతం చెప్పాను. పేలపిండితో సహా. మా బావగారు పదో తరగతి దాకా చదివిన మనిషి, ఆ కథ ఎరగనివారు కారు. చివరిదాకా విని, "బాగా చెప్పావోయ్" అన్నారు. "పిల్లల్ని కనడం అవి మానలేదు. కొత్తవాళ్ళు రావడం మానేశారు. తేడా అంతే" అన్నారు. మర్నాడు నేను జేబులో పెట్టబోయిన అయిదు వేలూ పుచ్చుకోలేదు. తరువాత రాకపోకలు వున్నాయి, పెళ్ళిళ్ళు పేరంటాలు జరిగాయి. ఆ పక్షుల మాట మాత్రం ఆయన గాని నేను గాని మళ్ళీ ఎత్తలేదు.

2025 దసరా సెలవులకు ఆయన కంటికి శుక్లం తీయించడానికి మా యింటికి వచ్చారు. ఆపరేషను బాగా జరిగింది. పదిహేను రోజులు దుమ్ములోకి వెళ్ళవద్దు, వంగి బరువులెత్తవద్దు అన్నారు. మదీనాగూడలో దుమ్ములోకి వెళ్ళకుండా వుండాలంటే యింట్లో కూర్చోవడం తప్ప మార్గం లేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సోఫాలో ఆయన, పక్కన ఫోనుతో మా అమ్మాయి.

ఆ ఆగస్టులోనే డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. తెలంగాణలో అటువంటి నిషేధం 2017 నుంచే వుంది. ఆ వార్త పేపర్లో చదివిన మా అక్కయ్య కంగారుగా "పోలీసులు వస్తారేమోరా" అంది. పందెం లేదనీ, గెలిచి బయటికి తెచ్చుకునేదేమీ లేదనీ, ఇది ఆ చట్టంలోకి రాదనీ నేను చెప్పేలోగా మా అమ్మాయే చెప్పింది: "అత్తయ్యా, ఇందులో యెవరూ మోసపోరు. డబ్బే రాదు గదా!"

మా బావగారు అద్దాల వెనుకనుంచి ఆ పిల్లవైపు తిరిగారు. "ఏదీ, నాకూ చెప్పు కోడలా" అన్నారు.

నేను వంటింట్లో చిక్కుడుకాయ యీనెలు తీస్తున్నాను. మాటలన్నీ వినిపిస్తూనే వున్నాయి. పాకలు చెప్పింది, మేత చెప్పింది, జత కలపడం చెప్పింది. ఆయన అడిగే ప్రశ్నలు వ్యవహారం తెలిసినవాడి ప్రశ్నలు. ఒక్కొక్కటి యెంత తింటుంది? యెన్నాళ్ళకు గుడ్డుకు వస్తుంది? గుడ్డు యెవరు కొంటారు?

"ఆటే కొంటుంది మామయ్యా."

"ఎప్పుడైనా కొననంటుందా?"

"అనదు."

కాస్సేపు మాట లేదు. తరువాత చప్పుడైంది. మా అమ్మాయి లేచి అద్దాల బీరువా తెరిచింది. ఆ గుడ్డు ఆయన చేతిలో పెట్టి, "చిన్నప్పుడు ఇది డ్రాగన్ గుడ్డనుకునేదాన్ని. ఇది మీరే యిచ్చారట గదా?" అంది.

నేను చిక్కుడుకాయ పక్కన పెట్టాను.

"దసరా దాటితే పెట్టేవమ్మా, ఈ రోజుల్లోనే. చీకటిపడ్డాక" అన్నారాయన. "కోడలా, మీదాంట్లో మేత వేయకపోతే యేమవుతుంది?"

"ఏమీ కాదు మామయ్యా. యెదగవు, అంతే. అలాగే వుంటాయి."

"చావవూ?"

"చావవు."

"మంచి ఆట" అన్నారు.

తరువాత ఆయన చెప్పినది పన్నెండేళ్ళ పిల్లకు చెప్పారు. నాకు కాదు. చివరికి పదకొండు మిగిలాయట. అమ్ముదామంటే కొనేవాడు లేడు, కోయడానికి చేతులు రాలేదు. ఒక రాత్రి కంచె తలుపు తీసి గుండ్లకమ్మ వైపు తోలేసి వచ్చి పడుకున్నారట. తెల్లవారి చూస్తే యెనిమిది తిరిగొచ్చి, మేతవేళకు తలుపు దగ్గర నిలబడి వున్నాయట. లోపలికి కాదు, బయట. తలుపు తీస్తారని.

"అప్పుడేం చేశారు?"

"చేసేదేముంది. మీ అత్తయ్య గాజులు అమ్మింది. వున్నన్నాళ్ళూ వేశాం. ఆఖరుది 2015లో పోయింది."

మా అక్కయ్య గాజులు నేను ఎరుగుదును. మా నాన్న పెట్టిన నాలుగు జతలు. అవి లాకరులో వున్నాయని అక్కయ్య నాతో యిన్నేళ్ళూ చెబుతూ వచ్చింది. అప్పుడు ఆమె బాల్కనీలో బట్టలు తీస్తున్నది. తిరిగి చూడలేదు.

ఆయన వున్న పదిహేను రోజులూ అయిదింటికి లేవడం మా అమ్మాయికి తప్పింది. ఆపరేషను కంటిలో చుక్కలు వేయించుకునే వేళకు ఆయనే రెండో కంటితో చూసి, మోటువేలితో పాకలన్నీ తాకి పసిడి వూడ్చి పెట్టేవారు. ఆయన ఆధ్వర్యవంలో ఒక కొత్త గుడ్డు వచ్చింది. పొదిగితే ఆకుపచ్చది పుట్టింది. అరుదైనది కాదు. అమ్మేయమంటే మా అమ్మాయి వినలేదు.

వాళ్ళు వూరు వెళ్ళిన వారానికి నేను ఫోను చేశాను. అరవై వేల మాట ఎత్తాలని, బావగారికి యిన్నేళ్ళకైనా ఒక మాట చెప్పాలని, క్లాసుకు తయారైనట్టు తయారై చేశాను. కన్నెలా వుందన్నాను. బాగుందన్నారు. "బావా, అప్పుడు నేను ఆ కథ..." అని మొదలుపెట్టాను.

"అది అలా వుంచుగాని" అన్నారాయన. "ఆ పచ్చదానికి అమ్మడు మేత వేస్తోందా? వేయకపోయినా యేం కాదనుకో. అయినా వేయమను."